చేతిపనిలో ఇహ్సాన్

సర్వస్తోత్రాలు, సకల కృతజ్ఞతలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన తాను సృష్టించిన ప్రతిదానినీ చక్కగా సృష్టించాడు, మట్టితో మానవుని సృష్టిని ఆరంభించాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

మాన్య సోదరులారా, పరదా వెనుక ఆలకిస్తున్న సోదరీమణులారా! మొట్టమొదట నా ఆత్మకూ, ఆ తరువాత మీకూ దైవభీతిని గురించి బోధిస్తున్నాను.

సూరహ్ ముల్క్ ఆరంభంలో అల్లాహ్ మరణాన్నీ, జీవితాన్నీ ఎందుకు సృష్టించాడో తెలియజేశాడు. మనలో ఎవరు మేలైన ఆచరణ చేస్తారో పరీక్షించడానికే సృష్టించాడట. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఎవరు ఎక్కువ ఆచరిస్తారన్న మాట అక్కడ లేదు, ఎవరు మేలుగా ఆచరిస్తారన్న మాటే ఉంది. ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మలై)ను ఈ వాక్యం గురించి అడిగినప్పుడు, మేలైన ఆచరణ అంటే అత్యంత చిత్తశుద్ధి కలది, అత్యంత సవ్యమైనది అని వివరించారు. చిత్తశుద్ధి ఉండి పని సవ్యంగా లేకపోయినా, పని సవ్యంగా ఉండి చిత్తశుద్ధి లేకపోయినా అది స్వీకారయోగ్యం కాదని వారి వివరణ సారాంశం.

మన యువకులు నేడు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. పెద్దల ముందు అడగరు, తమలో తాము అడుగుకుంటారు. ఖమ్మం మార్కెట్‌లో బస్తాలు మోసే పిల్లవాడు, కొత్తగూడెంలో మెకానిక్ షెడ్డులో నూనె చేతులతో నిలబడిన పిల్లవాడు, భద్రాచలం వైపు అటవీ గ్రామాలకు బండి మీద బట్టలు తీసుకువెళ్ళి అమ్ముకునే పిల్లవాడు, ముగ్గురిదీ ఒకే ప్రశ్న: నా బ్రతుకుకు అర్థమేమిటి? చేతిలోని ఫోన్‌లో ఇతరుల జీవితాలు మెరుస్తూ కనిపిస్తాయి. తన జీవితం మాత్రం మాసినట్టు కనిపిస్తుంది. ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. దీనికి సమాధానం మస్జిదులో దొరకకపోతే ఆ యువకుడు దానిని మరెక్కడో వెతుక్కుంటాడు.

సహీహ్ ముస్లింలో అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. దైవప్రవక్త (స) గర్వాన్ని గురించి తీవ్రంగా హెచ్చరించినప్పుడు ఒక వ్యక్తి సందేహపడ్డాడు. మనిషి తన దుస్తులు, తన చెప్పులు చక్కగా ఉండాలని కోరుకుంటాడు కదా, అదీ గర్వమేనా అన్నది అతని సందేహం. అప్పుడు ప్రవక్త (స) అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని త్రోసిపుచ్చడం, జనులను చులకన చేయడం గర్వమనీ తెలియజేశారు. ఆ ప్రశ్న ఎక్కడ మొదలైందో చూడండి. చెప్పుల దగ్గర! సౌందర్యాన్ని గురించిన ఇంతటి బోధకు సందర్భం ఒక సామాన్యుని కాలి చెప్పులు.

దివ్య ఖుర్ఆన్ కూడా మన అందాన్ని రాజభవనాలలో మాత్రమే చూపదు. సూరహ్ నహ్ల్‌లో పశువుల ప్రయోజనాలను వివరిస్తూ, సాయంత్రం వాటిని ఇంటికి తోలుకు వచ్చేటప్పుడు, ఉదయం మేతకు తోలుకు పోయేటప్పుడు మీకు వాటిలో ఒక శోభ ఉన్నదని అల్లాహ్ సూచించాడు. సాయంత్రం ముందు, ఉదయం తరువాత! కడుపులు నిండి, పొదుగులు నిండి తిరిగివచ్చే వేళనే ఆ శోభ అధికమని వ్యాఖ్యాతలు వివరించారు. కిన్నెరసాని పరిసరాలలోని ఏ పల్లెలోనైనా గోధూళివేళ నిలబడి చూసినవారికి ఈ ఆయత్‌కు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ఎండాకాలంలో తునికాకు కోసి, యాభై ఆకులను ఒకే తీరున పేర్చి కట్ట కట్టే అడవి స్త్రీల చేతులను చూడండి. వెదురు పుల్లలతో అడ్డాకు విస్తరి కుట్టే నేర్పును చూడండి. ఒక్క పూట భోజనం అయ్యాక పారవేసే ఆకును కూడా గుండ్రంగా, పొందికగా కుట్టాలన్న పట్టుదల మనిషికి ఎక్కడిది? అది సృష్టికర్త మనిషి స్వభావంలో ఉంచినదే.

ఇక మన జిల్లాకే చెందిన ఒక వ్యక్తిని ప్రస్తావిస్తాను. ఆయన ముస్లిం కాదు. మింబరు మీద ఆయన ప్రస్తావన ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఇస్లాంకు పూర్వం మక్కా పెద్దలు పీడితుని పక్షాన నిలబడతామని అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట చేసుకున్న ఒప్పందాన్ని, హిల్ఫుల్ ఫుజూల్‌ను, దైవప్రవక్త (స) ప్రవక్తృత్వం లభించిన తరువాత కూడా మెచ్చుకున్నారు. మంచి ఎక్కడ కనిపించినా దానిని మంచి అనడం మన ధర్మం.

ఖమ్మం సమీపంలోని రెడ్డిపల్లి వాస్తవ్యులు దరిపల్లి రామయ్య గారు. వనజీవి రామయ్య అంటే తెలియనివారు అరుదు. కొందరు ఆయనను చెట్ల రామయ్య అన్నారు, మరికొందరు తొలినాళ్ళలో పిచ్చివాడన్నారు. ఎండాకాలంలో చెట్ల కింద రాలిన గింజలను ఏరి భద్రపరిచేవారు. తొలకరి పడగానే సైకిలు మీద మొక్కలు, గింజలు వేసుకుని బయలుదేరేవారు. కాలువ గట్లు, రోడ్ల పక్కలు, బడుల ఆవరణలు, బంజరు భూములు, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నాటారు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రతీతి. ఆ లెక్క కన్నా నన్ను ఆలోచింపజేసేది ఆయన తీరు. పారవేసిన రేకులను, పనికిరాని పలకలను తెచ్చి, వాటిమీద తన చేతులతో రంగులు పూసి, చెట్టును గురించిన మాటలు రాసేవారు. చెట్టును కాపాడమని చెప్పే పలకను తన ఒంటిమీదనే ధరించి ఊరూరా తిరిగేవారు. భార్య జానమ్మ గారు ఆయనకు తోడుగా నిలిచారు. 2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ తరువాత కూడా ఆయన మొక్కలు నాటుతూనే ఉన్నారు. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

సోదరులారా! ఒక ముస్లిం మొక్క నాటితే, దాని నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్న ప్రతిదీ అతనికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ప్రళయం వచ్చిపడుతున్నా, చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటివేయమని దైవప్రవక్త (స) ఉపదేశించిన హదీసును ఇమామ్ అహ్మద్ ఉల్లేఖించారు. సల్మాన్ ఫార్సీ (రజి)కి బానిసత్వం నుండి విముక్తి కలిగించడానికి మూడు వందల ఖర్జూరపు మొక్కలు కావలసివచ్చినప్పుడు, సహచరులు మొక్కలు సమకూర్చితే, దైవప్రవక్త (స) స్వహస్తాలతో నాటారు. ఈ హదీసులు మన దగ్గర ఉన్నాయి. మన ఖబరస్తాన్‌లలో మాత్రం ముళ్ళకంపలు ఉన్నాయి. ఒక పొరుగువాడు ఈ హదీసులు చదవకుండానే జీవితమంతా వాటి బాటలో నడిస్తే, చదివినవారమైన మనం అల్లాహ్ ముందు ఏమి జవాబు చెబుతాము?

ప్రళయ వేళ నాటిన మొక్కకు నీడ ఎప్పుడు వస్తుంది? ఫలం ఎవరు తింటారు? ఎవరూ తినరు. అయినా నాటమన్నారు. ఫలితం మన చేతిలో లేకపోయినా పనిని చక్కగా చేయడమే మన వంతు. బ్రతుకుకు అర్థమేమిటని అడిగే యువకుడు ఈ హదీసును తన సంచిలో పెట్టుకుని తిరగాలి.

ఇప్పుడు మనకు మరింత దగ్గరి విషయానికి వస్తాను. తెలుగు మాట్లాడే ముస్లింలమైన మనలో అనేకుల మనసుల్లో ఒక ముల్లు ఉంది. ఉర్దూ సరిగా రాదని కొందరు చిన్నబుచ్చుతారు. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అనే పేర్లను కొందరు తిట్టుగా వాడతారు. పూర్వీకులు విల్లుతో దూది ఏకి, దబ్బనంతో పరుపులు, బొంతలు కుట్టి ఊరందరికీ నిద్ర సుఖం పంచారు. ఫోము పరుపులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, విల్లు అటకెక్కింది. దానితోపాటు పేరు కూడా దాచుకోవలసినదయిందా? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఆ వర్గంలోనే జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు పితామహుడని పేరు పొందారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. వాద్యాలను గురించిన ఫిఖహ్ చర్చ ఈ జుమాకు సంబంధించినది కాదు, దానిని పక్కన ఉంచండి. ఇతరులు తిట్టుగా విసిరిన మాటను తన పుస్తకం మీద పేరుగా పెట్టుకున్న ఆ నిబ్బరాన్ని మాత్రం చూడండి.

మన ధర్మ పండితుల పేర్లను గమనించారా? బస్రాకు చెందిన హదీసు విమర్శకుడు, హి.శ. 198లో మరణించిన యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ పేరులోని ఖత్తాన్ అంటే ప్రత్తి వాడు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ వంటివారు ఆయన శిష్యులు. హనఫీ పండితుడు అల్ ఖస్సాఫ్ పేరు చెప్పులు కుట్టే వృత్తిని సూచిస్తుంది. అల్ జస్సాస్ అంటే సున్నపు పనివాడు. మన మదర్సాలలో విద్యార్థులు నేటికీ చదివే గ్రంథకర్త ఇమామ్ ఖుదూరీ పేరు కుండల నుండి వచ్చింది. ఆ మహనీయులు ఈ పేర్లను చెరిపివేయలేదు. వాటితోనే వెయ్యేళ్ళుగా వారి కీర్తి నిలిచి ఉంది. ఇక భాష మాటంటారా, అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషతోనే పంపాడని సూరహ్ ఇబ్రాహీం తెలియజేస్తుంది. భాషల వైవిధ్యం తన సూచనలలో ఒకటని సూరహ్ రూమ్‌లో సెలవిచ్చాడు. అల్లాహ్ సూచనగా పేర్కొన్నదానిని లోపంగా భావించే హక్కు మనకు ఎవరిచ్చారు?

అయితే నిజాయితీ అంటే పేరు, భాషలతో ముగిసేది కాదు. ప్రత్తి మాటే తీసుకోండి. ఖమ్మం మార్కెట్‌కు ఏటా వచ్చే ప్రత్తిని కొనేటప్పుడు తేమ చూస్తారు. మద్దతు ధరకు కొనే కాటన్ కార్పొరేషన్ 8 శాతం ప్రమాణంగా పెట్టుకుని, 12 శాతం దాటితే కొనదు. తూకం పెరగాలని నీళ్ళు చిలకరించే చేయి ఉందనుకోండి, ఆ చేయి ఆ నీటితో తన చిత్తశుద్ధిని కూడా తడిపివేసింది. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. అయితే తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసం చేసేవానితో తనకు సంబంధం లేదని వారు తీవ్రంగా హెచ్చరించారు. పైకి ఎండినది, లోపల తడిసినది! ఫోన్‌లో మనం చూపించే జీవితం కూడా చాలాసార్లు ఆ రాశి వంటిదే.

దావూద్ (అలై) రాజు. అయినా తన చేతి సంపాదనతోనే తినేవారని బుఖారీలో ఉంది. జకరియ్యా (అలై) వడ్రంగి అని ముస్లింలో ఉంది. సూరహ్ సబాలో అల్లాహ్ దావూద్ (అలై) కోసం ఇనుమును మెత్తపరచి, కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆజ్ఞాపించాడు. సప్తాకాశాల ప్రభువు ఒక కమ్మరికి కడియపు కొలత గురించి వహీ పంపాడు! వెల్డింగు అతుకు, దర్జీ కుట్టు, మేస్త్రీ గోడ నిలువు, ఇవి అల్లాహ్ పట్టించుకోని చిన్న విషయాలని ఇకపై ఎవరూ అనుకోవద్దు. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్సాన్‌ను విధించాడని షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించారు. ఆ హదీసులో దానికి ఉదాహరణగా పశువును జబహ్ చేసే కత్తిని పదును పెట్టుకోవడాన్ని పేర్కొన్నారు. కత్తి పదును దాకా వచ్చిన ఇహ్సాన్ మన వంటింటి దాకా, మన దుకాణం గల్లా పెట్టె దాకా రాకుండా ఉంటుందా?

సోదరీమణులకు ఒక మాట. ఇంట్లో మీరు చేసే పని ఎవరి లెక్కలోకీ రాదని మీకు బాధ కలగవచ్చు. ఆ బాధ న్యాయమైనదే. దైవప్రవక్త (స) ఇంట్లో తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, బట్టలు తామే సరిచేసుకునేవారని ఆయిషా (రజి) తెలిపారు. కనుక ఈ హదీసు మీకన్నా ముందు మీ భర్తలు వినవలసినది.

ఈ వర్షాకాలంలో మన మస్జిదు ఆవరణలోనూ, ఖబరస్తాన్ గోడ వెంబడీ వేప, కానుగ, నేరేడు మొక్కలు నాటుదాం. నాటినవారే మొదటి రెండు వేసవులు నీరు పోయాలి. ఫోటో దిగి వెళ్ళిపోయేవారు మాత్రం దయచేసి రాకండి.

జుమా నమాజు ముగిశాక భూమిలో విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని అల్లాహ్ ఆదేశించాడు. మరికొద్దిసేపట్లో మీరందరూ మీ మీ పనులకు వెళతారు.

ఓ అల్లాహ్! మా చేతులకు నేర్పును, మా సంకల్పాలకు శుద్ధిని ప్రసాదించు. మా తూకాలను సరిచేయి. మా పిల్లల హృదయాల నుండి నిరాశను తొలగించు. తమ తండ్రుల వృత్తి పేరు విని తలదించుకునే పిల్లల తలలను పైకెత్తు. మా అడవులను, మా గోదావరిని, వాటిని నమ్ముకున్న ప్రజలను కాపాడు. వానలను మేలు చేసే వానలుగా కురిపించు. ఆమీన్.

సఫ్‌లు సరిచేసుకోండి. భుజానికి భుజం తగిలేలా, మధ్యలో ఖాళీ లేకుండా నిలబడండి.