ఆలోచనా, ఆచరణా: మానసిక చికిత్సలో నూరేళ్ల తగువు



ఈ సాయంత్రం మనం తలచుకుంటున్న మాస్టారికి పొగడ్తలు గిట్టేవి కావు. ఎవరైనా ఎత్తుకుంటే “సరేగానీ, కేసు చెప్పవయ్యా” అని మాట మళ్లించేవారు. అందుకని పొగడ్తల జోలికి పోకుండా, ఆయనకు ఎంతో ఇష్టమైన తగువు ఒకటి మీ ముందు పెడతాను. భయంతో గడప దాటలేని మనిషి, దిగులుతో మంచం దిగలేని మనిషి మన దగ్గరికి వస్తారు. ముందు వాళ్ల ఆలోచనను సరిచెయ్యాలా, లేక వాళ్లు చేసే పనిని మార్చాలా? ఈ రెండు దారులనూ కలిపి ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అని మూడక్షరాల్లో తేల్చేస్తున్నాం. అవి కలిసిన తీరు మాత్రం అంత సాఫీగా లేదు.

1913లో అమెరికాలో జాన్ వాట్సన్ రాసిన ఒక వ్యాసంతో కథ మొదలుపెట్టవచ్చు. మనసులో ఏముందో ఎవరికీ కనబడదు, కనబడేది నడవడిక ఒక్కటే, మనస్తత్వశాస్త్రం దాన్నే పట్టించుకోవాలి అన్నాడాయన. 1920లో రోజలీ రేనర్‌తో కలిసి దాన్ని రుజువు చెయ్యబోయాడు. పదకొండు నెలల పసివాడి ముందు తెల్ల ఎలుకను పెట్టి, వాడు దాన్ని తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. పోనుపోను మోత లేకపోయినా ఎలుక కనబడితే చాలు, వాడు ఏడుపు లంకించుకునేవాడు. చిన్నారి ఆల్బర్ట్ పేరుతో పాఠ్యపుస్తకాలకెక్కిన ఆ బిడ్డకు అంటించిన భయాన్ని తిరిగి వదిలించలేదు. దీన్ని ఘనకార్యంలా క్లాసులో చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భయాన్ని వదిలించడం ఎలాగో చూపించింది మేరీ కవర్ జోన్స్. 1924లో ఆవిడ అచ్చులో పెట్టిన పీటర్ కథ మా విద్యార్థులు తప్పక చదవాలి. పీటర్‌కు ఇంకా మూడేళ్లు నిండలేదు. కుందేలంటే హడలిపోయేవాడు. కుందేలు ఒక్కటేనా, బొచ్చు కోటు, ఈక, దూది చూసినా అంతే. ఆవిడ మొదట భయం లేని పిల్లలను వాడితో ఆడుకోనిచ్చి, అదే గదిలో కుందేలును ఉంచింది. వాళ్లను చూసి వాడూ కొద్దికొద్దిగా ధైర్యం తెచ్చుకున్నాడు. ఇంతలో వాడికి స్కార్లెట్ జ్వరం తగిలి సుమారు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వెళ్లే రోజున నర్సుతో టాక్సీ ఎక్కబోతుంటే పెద్ద కుక్క ఒకటి మీదికి దూకింది. దాంతో కష్టమంతా వృథా అయింది, భయం మళ్లీ మొదటికొచ్చింది. జోన్స్ ఈసారి పిల్లవాణ్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి వాడికిష్టమైన తిండి పెట్టేది. వాడు తింటూ ఉండగా కుందేలును తీగల బోనులో, తిండి మానేంత దగ్గరగా కాకుండా, రోజురోజుకూ కాస్త ఇవతలికి జరిపేవారు. చివరికి వాడు తన వేళ్లను కుందేలు కొరుకుతున్నా ఊరుకున్నాడు.

మాస్టారు ఈ కథ చెప్పినప్పుడల్లా టాక్సీ దగ్గరి కుక్కను వదిలేవారు కారు. “తిరగబెడుతుంది. తిరగబెడితే రోగిని తిట్టకండి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కించండి” అనేవారు.

ఇంత చక్కని పని మూడు దశాబ్దాల పాటు ఎవరి దృష్టికీ పెద్దగా రాలేదు. అమెరికా సైకియాట్రీలో అప్పుడు ఫ్రాయిడ్ మనోవిశ్లేషణదే రాజ్యం. రోగిని సోఫా మీద పడుకోబెట్టి ఏళ్ల తరబడి బాల్యం తవ్వుతున్న రోజులవి. 1952లో లండన్‌లో హాన్స్ ఐసెంక్ లెక్కలు ముందేసుకుని, న్యూరోసిస్ రోగుల్లో మూడింట రెండు వంతుల మంది చికిత్స లేకపోయినా రెండేళ్లలో కోలుకుంటున్నారు, మీ చికిత్స ఏం సాధించినట్టు అని అడిగాడు. ఆయన లెక్కల్లో తప్పులున్నాయని తరవాత చాలామంది అన్నారు. అయినా అడగవలసిన ప్రశ్నే అడిగాడని నా ఉద్దేశం.

జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. జోసెఫ్ వోల్పే రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడు. యుద్ధభయంతో కుప్పకూలిన సైనికులకు మత్తుమందిచ్చి జరిగిందంతా చెప్పిస్తే బాగుపడతారని అప్పట్లో నమ్మేవారు. వాళ్లు చెప్పారు కానీ బాగుపడలేదు. యుద్ధం తరవాత వోల్పే జోహానెస్‌బర్గ్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. బోనులో షాకు తిన్న పిల్లి ఆ గదిలో తిండి ముట్టదు. కాస్త వేరుగా ఉన్న గదిలో ముడుతుంది. అక్కడ మొదలుపెట్టి గది తరవాత గదిగా తినిపిస్తూ వస్తే పాత బోనులోనూ తింటుంది. మనుషుల దగ్గర తిండికి బదులు ఎడ్మండ్ జేకబ్సన్ నేర్పిన కండరాల సడలింపును వాడాడు. కుక్కంటే వణికే మనిషి తన భయాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస రాసుకుంటాడు: దూరం నుంచి వినబడే మొరుగు, గొలుసుతో కట్టేసిన కుక్క, పక్క నుంచి నడిచిపోయే కుక్క. ఒళ్లు వదులు చేసుకుని ఒక్కొక్కదాన్నే ఊహించుకుంటాడు. ఒకటి కుదుటపడ్డాకే రెండోది. 1958లో ఈ పద్ధతి పుస్తకంగా వచ్చింది, బిహేవియర్ థెరపీ నిలదొక్కుకుంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్, చేతులు కడిగిందే కడిగే రోగుల చేత మురికి ముట్టించి, కడుక్కోనివ్వకుండా ఆపి చూశాడు. ఓసీడీ అనే ఆ జబ్బుకు అంతవరకు లేని వైద్యం అలా దొరికింది. నేటికీ దాని మానసిక చికిత్సకు వెన్నెముక అదే.

ఇప్పుడు రెండో దారికి వద్దాం. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ 1950ల నడుమ మనోవిశ్లేషణను వదిలేసి, మనల్ని బాధపెట్టేది జరిగిన సంఘటన కాదు, దాని గురించి మనం పట్టుకు వేలాడే నమ్మకం అని బల్లగుద్ది చెప్పాడు. గ్రీకు తాత్త్వికుడు ఎపిక్టీటస్ దగ్గర ఈ మాట నేర్చుకున్నానని ఆయనే అన్నాడు. అయితే ఎల్లిస్ తన యవ్వనం గురించి చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. పంతొమ్మిదో ఏట ఆడపిల్లలతో మాట్లాడాలంటే ఒణుకు. దాన్ని వదిలించుకోవాలని బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు నెలరోజులు వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీ పక్కనా కూర్చుని మాట కలిపాడట. నూరు మందికి పైగా. ఒక్కతే మళ్లీ కలుస్తానంది, ఆవిడా రాలేదు. భయం మాత్రం పోయింది. తర్కంతో మనసు బాగుచేస్తానన్న పెద్దమనిషి తన మనసును బాగుచేసుకున్నది పార్కు బెంచీ మీద, వాట్సన్ మార్గంలో! మాస్టారికి ఈ ముచ్చట ఎంతో ఇష్టం.

ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ కథ వేరు. ఆయన సాధువు, ఎల్లిస్‌లా దురుసు మనిషి కాదు. మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవాడు, దాన్ని నిరూపించాలనే పరిశోధన మొదలుపెట్టాడు. డిప్రెషన్ రోగులు కోపాన్ని లోపలికి తమ మీదికే తిప్పుకుంటారని ఫ్రాయిడ్ సిద్ధాంతం. అదే నిజమైతే వాళ్ల కలల్లో కోపం కనబడాలి. బెక్ వెతికితే కనబడింది ఓటమి, పోగొట్టుకోవడం. ఇంకోసారి ఒక రోగి సోఫా మీద పడుకుని తన శృంగార విషయాలు చెబుతూ అలజడి పడుతోంది. సిద్ధాంతం ప్రకారం అది అణచుకున్న కోరిక. బెక్ అడిగి చూస్తే ఆవిడ మనసులో నడుస్తున్నది ఒకటే: ఈ డాక్టరుకు నేను విసుగు తెప్పిస్తున్నాను. మాటలకు సమాంతరంగా ఇలా చప్పుడు లేకుండా సాగిపోయే ఆలోచనలను పట్టుకుని, కాగితం మీద పెట్టి, దీనికి రుజువేమిటి అని రోగి చేతనే అడిగించడం కాగ్నిటివ్ థెరపీ అయింది. 1977లో వచ్చిన పోలికలో అది ఇమిప్రమీన్ మాత్రకన్నా మెరుగ్గా పనిచేసింది. 1979లో వచ్చిన పుస్తకం దాన్ని దేశదేశాలకు చేర్చింది. బెక్ నూరేళ్లు నిండి 2021 నవంబరులో కన్నుమూశాడు.

పాత కాపులకు ఇది నచ్చలేదు. వోల్పే విమర్శించాడు. బి.ఎఫ్. స్కిన్నర్ అయితే 1990 ఆగస్టు 10న బోస్టన్‌లో, చావు దగ్గరపడిందని తెలిసీ, మనసును కారణంగా చూపే శాస్త్రాన్ని దుయ్యబట్టాడు. ఎనిమిది రోజులకు పోయాడు.

ఈ రెండు పక్షాల మధ్యా తీర్పు చెప్పగలిగింది ఆల్బర్ట్ బాండూరా అని నా నమ్మకం. పాములంటే భయపడేవాళ్లను ఆయన మూడు రకాలుగా చూశాడు. కొందరు ఊహల్లో వరస మెట్లెక్కారు. కొందరు పామును పట్టుకునేవాళ్లను సినిమాలో చూశారు. కొందరి పక్కన మనిషి నిలబడి, దగ్గరుండి పట్టించాడు. పట్టుకున్నవాళ్లే అందరికన్నా బాగుపడ్డారు. 1977లో ఆయన తేల్చింది ఇది: మారేది “నేను చెయ్యగలను” అన్న నమ్మకం, అంటే ఆలోచనే. దాన్ని గట్టిగా మార్చేది మాత్రం చేసి చూడటం. సిద్ధాంతంలో బెక్ గెలిచాడు, పద్ధతిలో ఆచరణ గెలిచింది.

ఆలోచనను వదిలి ముందుకు పోలేని రోగాలూ ఉన్నాయి. పానిక్ ఎటాక్ చూడండి. గుండె దడదడలాడగానే ఇది గుండెపోటే అనుకుంటాడు రోగి, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. ఈసీజీ తర్వాత ఈసీజీ తీయించుకుని, అన్నీ బాగున్నాయన్నా నమ్మక, డాక్టర్లను మారుస్తూ తిరిగేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. 1986లో డేవిడ్ క్లార్క్ ఈ గొలుసును విప్పి చూపించాడు. ఒంట్లో కలిగిన మార్పుకు ఇచ్చుకున్న తప్పుడు అర్థమే ఇక్కడ రోగం. దాన్ని మార్చనిదే లాభం లేదు. ఆ మార్పు కోసం క్లార్క్ ఏం చేయిస్తాడు? రోగి చేత అక్కడే గబగబా ఊపిరి పీల్పించి అదే దడ తెప్పిస్తాడు. నచ్చచెప్పడం సరిపోదని ఆయనకూ తెలుసు.

1996లో సియాటిల్‌లో నీల్ జేకబ్సన్ బృందం బెక్ చికిత్సను విడదీసి పరీక్షించింది. డిప్రెషన్ ఉన్న సుమారు నూట యాభై మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పనులు మాత్రమే: ఏ రోజు ఏం చెయ్యాలో రాసుకోవడం, వదిలేసిన పనులను చిన్న ముక్కలుగా మళ్లీ మొదలుపెట్టడం. రెండో జట్టుకు వాటితోపాటు ఆలోచనలను పట్టుకోవడం. మూడో జట్టుకు లోతైన నమ్మకాల దాకా పూర్తి చికిత్స. చికిత్స చేసినవాళ్లు మూడో పద్ధతినే నమ్మినవాళ్లు. ఫలితాల్లో తేడా లేదు. ఈ పనుల చికిత్స బిహేవియరల్ యాక్టివేషన్ పేరుతో సొంతంగా నిలబడింది.

ఆ తరవాత వచ్చిన మైండ్‌ఫుల్‌నెస్, డీబీటీ వంటి చికిత్సల కబుర్లు ఇక్కడ ఎత్తుకోను. వాటికి వేరే సాయంత్రం కావాలి.

ఈ పనుల చికిత్సనే గోవాలో పరీక్షించిన సంగతి మాత్రం చెప్పాలి. విక్రమ్ పటేల్, సంగత్ సంస్థవారు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మంది డిప్రెషన్ రోగులతో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. చికిత్స చేసినవాళ్లు సైకాలజిస్టులు కారు. ఆ ప్రాంతపు మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలవడం, పనుల పద్ధతి. మూడు నెలలకు ఈ జట్టులో నూటికి 64 మంది కోలుకున్నారు, మామూలు వైద్యమే అందినవాళ్లలో 39 మంది.

ఈ తగువులో మన పక్షం ఏదో తేల్చుకోవాలంటే ఆ సంఖ్యల పక్కన ఇంకోటి పెట్టుకోవాలి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు, కనుక మన లెక్క మనకు సరిగా తెలియదు కూడా. ఆలోచనలను పట్టుకుని వాదించే నేర్పు సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. రోజుకో పని రాయించి, చేయించి, వారం తరవాత అడిగే నేర్పును ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు నెలల్లో నేర్పవచ్చు. పానిక్, ఓసీడీ వంటివాటిని చదువుకున్నవాళ్లు చూసుకోవాలి. దిగులుతో మంచం పట్టినవాళ్ల దగ్గరికి మాత్రం ముందు పని వెళ్లాలి, ఆలోచన తరవాత వెళ్లవచ్చు.

క్లినికల్ సైకాలజీ చదువుతున్న మీ అందరికీ నా విన్నపం ఒకటే. మీ థీసిస్ ఇంగ్లీషులో రాసుకోండి, తప్పదు. దానితోపాటు ఆశా కార్యకర్త చదివి వాడుకోగల పనుల చికిత్స కరదీపిక ఒకటి, మీ జిల్లా తెలుగులో రాయండి. వచ్చే ఏడు ఈ సభకు వచ్చేటప్పుడు దాన్ని వెంట తీసుకురండి.