తీర్పుకు ముందు ఒక్క నిమిషం

వానలు మొహం చాటేసిన ఏడాది, కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం నుంచి కుటుంబాలు గుంటూరు మిరపకాయల కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. పిల్లలూ వెంట వెళ్తారు, బడి ఆగిపోతుంది. తాళం వేసిన తలుపు చూసిన సామాజిక కార్యకర్త "వీళ్లకు చదువు పట్టదు" అని రిజిస్టర్లో రాసేసే ప్రమాదముంది. అది వాస్తవం కాదు, ఎండలో తిరిగిన అలసట ఇచ్చిన తీర్పు. కలం ఎత్తేముందు ఒక్క నిమిషం ఊపిరిని గమనించి, తనలో లేచిన చిరాకును చిరాకుగానే గుర్తిస్తే అసలు ప్రశ్నలు ముందుకొస్తాయి: అప్పెంత? పిల్లల్ని చూసుకునే అవ్వాతాతలున్నారా? సీజనల్ హాస్టల్లో చోటుందా? ఇలా తన ఊపిరిని, మనసును గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో రోగులకు నేర్పడం మొదలుపెట్టిన ఈ పద్ధతికి మూలం బౌద్ధుల ప్రాచీన సాధనే.

మోయలేనంత పని నెత్తిన పెట్టి కళ్లు మూసుకోమనడం న్యాయమా అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. ధ్యానం జీతం పెంచదు, కరువు తీర్చదు. కానీ తన మనసును ఎరిగిన కార్యకర్త, తప్పు కుటుంబానిదా, పని దొరకని ఊరి పరిస్థితిదా అన్నది విడదీసి రాయగలదు. పైవాళ్లను నిలదీయడానికి ఆ రాతే ఆధారం. అందుకే ఈ సాధనకు సంస్థలు పనిగంటల్లోనే సమయం కేటాయించాలి.