మిగిలిన బిడ్డ



బడిలో కొత్తగా చేరిన ప్రతి పిల్లాణ్ణీ “మీరు ఎంతమందిరా?” అని అడగడం మాస్టారికి అలవాటు. పోయిన తోబుట్టువుని లెక్కలో కలపాలో వద్దో తెలియక జవాబు చెప్పడానికి తడబడ్డవాణ్ణి ఆయన ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునేవారు. ఆయన పేరున జరిగే సభ కాబట్టే ఈ విషయం ఎంచుకున్నాను. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆ చావుని ఒప్పుకోలేకపోతే, ఆ ఇంట్లో మిగిలిన బిడ్డ గతి ఏమిటి?

మన రాజాం తాండ్ర పాపారాయుడి ఊరు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన కథ వినకుండా ఇక్కడ ఎవరూ పెరగలేదు. పాపారాయుడి పగ చెప్పుకుంటాం, రాణి మల్లమ్మ తెగువ చెప్పుకుంటాం. ఆ మారణకాండలోంచి బతికి బయటపడ్డ పసివాడు చిన రంగారావు. అతను పెద్దయ్యాక జమీందారయ్యాడని ఒక్క ముక్కలో ముగించేస్తాం. ఆ పిల్లాడికి ఎవరు, ఏ వయసులో, ఏమని చెప్పారో కథలో రాదు. చావు గురించి మాట్లాడేటప్పుడు మిగిలినవాణ్ణి దాటేసి వెళ్లిపోవడం మనకి అంత పాత అలవాటు.

మిగిలినవాడే నోరు విప్పి చెప్పిన కథ ఒకటుంది. స్కాట్లండ్‌లో కిరీమ్యూర్ అని ఒక నేతగాళ్ల ఊరు ఉంది. అక్కడి మార్గరెట్ ఒగిల్వీ అనే తల్లికి రెండో కొడుకు డేవిడ్ అంటే ప్రాణం. 1867 జనవరిలో, పద్నాలుగేళ్లు నిండబోతుండగా, మంచు మీద ఆడుకుంటూ పడి తలకి దెబ్బ తగిలి వాడు పోయాడు. తల్లి మంచం పట్టింది. తమ్ముడు జేమ్స్‌కి అప్పుడు ఆరేళ్లు. వాడు చీకటి గదిలోకి వెళ్తే, వచ్చింది పోయిన కొడుకేమోనన్నట్టు తల్లి పిలిచింది. అన్న కాదు, నేనేనని ఆరేళ్లవాడు చెప్పుకోవలసి వచ్చింది. తర్వాత వాడు అన్న బట్టలు తొడుక్కున్నాడు. అన్న ఎలా నిలబడేవాడో, ఎలా ఈల వేసేవాడో నేర్చుకుని తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె 1895 దాకా బతికింది. ఆ మరుసటి ఏడాదే, అప్పటికి రచయిత అయిన జేమ్స్ బారీ ఇదంతా తల్లి పేరు పెట్టిన పుస్తకంలో రాశాడు. 1904లో ఆయన రంగం మీదికి తెచ్చిన పీటర్ పాన్ ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లవాడు. చచ్చిపోయిన పిల్లలకే కదా వయసు పెరగనిది!

ఆ తల్లిని తప్పుపట్టడం నాకు చేతకాదు. కడుపుకోత పడ్డ మనిషికి నిజం ఒక్కసారిగా మింగుడుపడదు. కొన్నాళ్లపాటు కాదనుకోవడమే ఆమెని నిలబెడుతుంది. చిక్కల్లా ఆ కాదనుకోవడానికి ఇంట్లో ఇంకో బిడ్డని సాక్ష్యంగా నిలబెట్టినప్పుడే వస్తుంది. 1964లో ఆల్బర్ట్ కెయిన్, బార్బరా కెయిన్ అనే పరిశోధకులు, పోయిన బిడ్డ స్థానం నింపడానికని కన్న పిల్లల మీద ఒక వ్యాసం రాశారు. పోయినవాడు తప్పులు చెయ్యడు, అల్లరి చెయ్యడు, మార్కులు తక్కువ తెచ్చుకోడు. అలాంటివాడితో పోటీపడి ఏ పిల్లాడు గెలుస్తాడు?

మన సిక్కోలు, విజయనగరం పల్లెల్లో ఇలా పోయిన బిడ్డల తర్వాత పుట్టినవాళ్ల విషయంలో ఒక పాత పద్ధతి ఉండేది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి ఇంకొకరికి ఇచ్చేసి, గుప్పెడు తవుడు చెల్లించి తిరిగి కొనుక్కునేవారు. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అని పేరు పెట్టేవారు. పెంట మీద పెట్టి తెచ్చుకుంటే పెంటయ్య. ఈ హాల్లోనే ఆ పేర్లవాళ్లు కొందరు ఉంటారు. చదువుకున్న పిల్లలు ఆ పేర్లకి సిగ్గుపడి మార్చుకోవడం కూడా చూస్తున్నాం. ఆ పద్ధతిని మూఢనమ్మకమని తీసిపారేసే ముందు ఒక్కమాట. అందులో చావుని దాచడం లేదు. ముందువాళ్లు పోయారని ఊరందరికీ తెలిసేలా పేరులోనే చెప్పారు. ఈ బిడ్డ ఆ పోయినవాళ్లలో ఎవరూ కాడు, వేరే చోటునుంచి కొని తెచ్చుకున్నవాడు అని తల్లిచేతే అనిపించారు. మన పెద్దలు పోయినవాణ్ణీ ఉన్నవాణ్ణీ వేరు చేశారు. మనమో ప్రేమకొద్దీ పోయిన బిడ్డ పేరే తర్వాతివాడికి పెట్టి, వాడే మళ్లీ పుట్టాడంటున్నాం. చిత్రకారుడు వాన్ గో అన్న 1852 మార్చి 30న ఊపిరి లేకుండా పుట్టాడు. సరిగ్గా ఏడాదికి అదే తేదీన పుట్టిన ఇతనికీ విన్సెంట్ అనే పేరే పెట్టారు. తండ్రి పాదిరీగా ఉన్న చర్చి ఆవరణలో తన పేరే ఉన్న సమాధిరాయిని చూస్తూ పెరిగాడు ఆ పిల్లవాడు.

మన ఆచారంలో ఒక లోటూ ఉంది. చంటిబిడ్డ పోతే చాలా కులాల్లో పూడ్చిపెట్టి వచ్చేస్తారు, దినవారాలుండవు. పదిమంది వచ్చి కూర్చునే రోజంటూ ఉండదు. తల్లి ఏడవడానికి చోటు దొరకదు. ఇంట్లో ఉన్న నాలుగేళ్ల పాప “తమ్ముడేడీ?” అంటే “ఊరెల్నాడమ్మా, ఒచ్చేత్తాడు” అంటారు. ఆ వయసువాళ్లు దాన్ని అక్షరాలా నమ్ముతారు. ఊరెళ్లడమంటే తిరిగిరాకపోవడమే అయితే, రేపు నాన్న పలాసకో విశాఖకో బస్సెక్కుతుంటే ఆ పాప కాళ్లు పట్టుకుని ఏడుస్తుంది. ఎందుకో మనకి అర్థం కాదు. తాను కొట్టినందుకే తమ్ముడు వెళ్లిపోయాడనీ అనుకోవచ్చు. అడిగేవాళ్లు లేక అది లోపలే ఉండిపోతుంది.

అయితే ప్రతి నిరీక్షణనీ భ్రమ అనకూడదు. 2016 జూలై 22న చెన్నై దగ్గర తాంబరంనుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. శకలాలు సముద్రంలో దాదాపు 3,400 మీటర్ల లోతున కనిపించాయని ప్రభుత్వం చెప్పింది 2024 జనవరిలో. ఏడేళ్లకు పైగా కళ్లెదుట ఏ ఆధారమూ లేనప్పుడు తల్లి ఆశ పెట్టుకుంటే అది జబ్బు కాదు. వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారుల ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. అక్కడ కూడా పిల్లలకి “మాకూ తెలీదు, వెతుకుతున్నారు” అనే నిజమైనా చెప్పవచ్చు.

నేను కోరేది పెద్ద పనేం కాదు. తల్లిని తొందరపెట్టకండి, ఫొటోకి దండ వెయ్యమని బలవంతం చెయ్యకండి. ఆమె నెలల తరబడి తేరుకోకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. ఈలోగా మిగిలిన బిడ్డ బాధ్యత అమ్మమ్మో, పిన్నో, మేనమామో, బడి మాస్టారో తీసుకోండి. అన్నయ్య చచ్చిపోయాడని, తిరిగి రాడని, అందులో నీ తప్పేమీ లేదని వాడికి తెలిసిన మాటల్లో చెప్పండి. అన్న చొక్కా వాడికి తొడగకండి. ఈసారి ఏ ఇంటికైనా పలకరింపుకి వెళ్తే, తల్లి దగ్గర కూర్చుని లేచాక, గోడవారగా నిలబడ్డ ఆ చిన్నవాణ్ణి కూడా వాడి పేరుతోనే పిలిచి పలకరించండి.