ఫిరంగులు లేని ఓడ
(రేడియో ప్రసంగ పాఠం)

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో రేడియో ముందు కూర్చున్న పెద్దలకీ, పక్కనే కూర్చుని "ఇంకా ఎంతసేపు ఈ తెలుగు?" అని విసుక్కుంటున్న పిల్లలకీ కూడా నమస్కారం. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. పదకొండేళ్లుగా హాంబుర్గ్‌లో ఉంటున్నాను. పగలంతా ఎవరివో డేటాబేసులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తూ ఉంటాను. రాత్రి పిల్లలు పడుకున్నాక కాగితంతో ఓడలు కడతాను. ఈ రెండో పని గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మొదటి దాని గురించి అడగనందుకు వారికి నా ధన్యవాదాలు.

కాగితం ఓడలంటే మనం చిన్నప్పుడు వాన నీళ్లలో వదిలిన కత్తి పడవలు కావండీ. ఇక్కడ జర్మనీలో ఇది చాలా పెద్ద సంప్రదాయం. నిజమైన ఓడని కొలతల ప్రకారం చిన్నది చేసి, దాని భాగాలన్నీ దళసరి కాగితం మీద అచ్చు వేసి అమ్ముతారు. విల్హెల్మ్స్‌హాఫెన్ అనే రేవు పట్టణంలో అచ్చయ్యే ఇలాంటి కాగితాలతో ఇక్కడ ఒక తరం పిల్లలు పెరిగారు. కావలసిన సరంజామా పెద్దగా ఏమీ లేదు. పదునైన చిన్న కత్తి, స్టీలు స్కేలు, మడతలు గీసుకోవడానికి మొండి సూది, జిగురు, నీటిరంగులు. నీటిరంగులు ఎందుకంటే, కోసిన కాగితం అంచు తెల్లగా కనిపించి మొత్తం అందం పాడుచేస్తుంది. అందుకని ప్రతి ముక్క అంచుకీ రంగు వేసి అప్పుడు అతికించాలి. ఇక ఓపిక మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఎక్కువగా 1:250 కొలతలో కడతారు. అంటే నిజమైన ఓడ మీద రెండున్నర మీటర్లున్నది మన బల్ల మీద ఒక సెంటీమీటరు. ముందు అడుగున వెన్నెముకలాగా ఒక నిలువు ముక్క, దానికి అడ్డంగా పక్కటెముకలు. వాటి మీద డెక్కు, చివరికి రెండు వైపులా పొట్ట. అస్థిపంజరం ఒక మిల్లీమీటరు వంకర పోయిందంటే ఆఖరున ఓడ మూతి పక్కకి తిరుగుతుంది. నా మొదటి ఓడ ఒక టగ్ బోటు. దాని మూతి ఇప్పటికీ ఎడమ వైపే చూస్తూ ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడి స్నేహితుడి ఇంట్లో అద్దాల బీరువా నిండా యుద్ధ నౌకలున్నాయట. వాటిలో ఈ ఊళ్లోనే 1939లో నీళ్లలోకి దిగిన బిస్మార్క్ కూడా ఉందట. వాడు ఇంటికొచ్చి నా బల్ల మీదున్నవి అన్నీ చూశాడు. టగ్ బోటు, ఒక ఫెర్రీ, ఒక సరుకు ఓడ.

"నాన్నా, నీ ఓడలకి ఫిరంగులు ఎందుకుండవు?"

"ఇవి సరుకులు మోస్తాయిరా."

"లారీలాగానా?"

"అవును, లారీలాగే."

వాడి ముఖంలో నా మీద జాలి కనిపించింది.

నిజానికి వాడి తప్పేం లేదు. మామూలుగా బొమ్మల దుకాణాల్లో ప్లాస్టిక్ ఓడల వరస చూడండి, ముప్పాతిక వంతు యుద్ధ నౌకలే. యుద్ధ నౌకకి కథ ఉంటుంది, శత్రువు ఉంటాడు, పుస్తకాలు, సినిమాలు ఉంటాయి. బియ్యం, బొగ్గు మోసిన ఓడ పాతికేళ్లు తిరిగి, ఒకరోజు తుక్కుకి పోతుంది. దాని గురించి ఎవరు రాస్తారు? మా విశాఖపట్నంలో కూడా అంతే. బీచి రోడ్డులో ఇసక మీద కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 2002 నుంచి అది మ్యూజియం. నేనూ చిన్నప్పుడు టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి టార్పెడోల పక్కన నిలబడినవాణ్ణే. కానీ మా ఇంటి కథలో ఉన్న ఓడకి ఫిరంగులు లేవు.

విశాఖలో పెరిగినవాళ్లకి సింధియా అనే పేరు తెలుసు. సిటీ బస్సు బోర్డు మీద కూడా ఆ పేరు ఉంటుంది. అది ఎవరో మహారాజు కట్టించిన పేట అని నేను చాలా కాలం అనుకున్నాను. అది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరని తర్వాత తెలిసింది. వాల్‌చంద్ హీరాచంద్, ఆయన భాగస్వాములు 1919లో ఆ కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి ఓడ పేరు లాయల్టీ. గ్వాలియరు సింధియా మహారాజు మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సిపాయిల కోసం దాన్ని ఆసుపత్రి ఓడగా మార్పించారు. కంపెనీ ఆ ఓడని కొనుక్కుంది. 1919 ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండనుకి బయల్దేరింది. మన దేశంలో ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకా దినం జరుపుకోవడం అందుకే. ఇదీ యుద్ధ నౌక కాదు, గమనించండి.

ఆ కంపెనీయే విశాఖలో ఓడలు కట్టే యార్డు మొదలుపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. యుద్ధం అయ్యాక మళ్లీ పని ఊపందుకుంది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ఎనిమిది వేల టన్నుల స్టీమరు నీళ్లలోకి దిగింది. పేరు జలఉష. స్వతంత్ర భారతదేశంలో నీట్లోకి దించిన మొదటి పెద్ద ఓడ అది. 1952లో ప్రభుత్వం ఆ యార్డులో ఎక్కువ వాటా తీసుకుంది. అదే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది.

ఆ జలఉష పనిలో మా తాత ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. పని రివెట్లు కాల్చడం.

ఆ పని ఎలా ఉండేదో ఈ తరం వాళ్లకి కాస్త చెప్పాలి. ఓడ పలకలు రెండు కలిపి కుట్టేది రివెట్టు. ఒక జట్టులో నలుగురుండేవారు. ఒకడు చిన్న కొలిమిలో రివెట్టు ఎర్రగా కాలుస్తాడు. దాన్ని పటకారుతో తీసి పైకి విసురుతాడు. రెండోవాడు డబ్బాతో పట్టుకుని కన్నంలో పెడతాడు. మూడోవాడు ఒక వైపు నుంచి బరువైన ఇనప దిమ్మ ఆనించి నొక్కి పట్టుకుంటాడు. రెండో వైపు నుంచి నాలుగోవాడు సుత్తితో కొడతాడు. రివెట్టు చల్లారితే బిగుసుకుని పలకలు రెండూ ఒకటైపోతాయి. పెద్ద ఓడకి ఇలాంటివి లక్షల్లో పట్టేవి. ఆ ఇనప డొక్కలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ చప్పుడే.

"నెహ్రూ గారిని నాను చూళ్లేదు గానీ, ఓడ జారడం చూసినాను" అనేవాడట తాత. జనం అంత దట్టంగా ఉన్నారట.

నాకు తెలిసిన తాత వేరు. వయసు మీద పడి, వరండాలో నులక మంచం మీద కూర్చుని, ఎవరు ఏం అడిగినా "ఊఁ" అనే మనిషి. ఆయనకి బొత్తిగా చెవుడు. మేం పిల్లలం వెనకాల నిలబడి "తాతా, నీ పంచె ఊడిపోయింది" అని మెల్లిగా అనేవాళ్లం. ఆయన తిరిగి చూసేవాడు కాదు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. నాకు పన్నెండేళ్లప్పుడు పోయాడు. ముసలివాళ్లకి చెవుడు వస్తుంది, అంతే అనుకున్నాను. ముప్పై ఏళ్లు దాటాక కూడా అలాగే అనుకున్నాను.

హాంబుర్గ్ రేవులో ఊబర్‌జే వంతెన దగ్గర ఒక తెల్లటి సరుకు ఓడ ఉంటుంది. పేరు కాప్ సాన్ డియేగో. 1961లో ఇక్కడి ఫింకెన్‌వెర్డర్‌లో నీళ్లలోకి దిగింది. దక్షిణ అమెరికాకి తిరిగిన ఆరు అక్కచెల్లెళ్లలో ఒకటి. పొడవు 159 మీటర్లు. 1986లో తుక్కుకి పోబోతుంటే నగరం దాన్ని కొనేసింది. ఇప్పుడు మ్యూజియం. అయినా ఇంజన్లు పనిచేస్తాయి, ఏడాదికి కొన్నిసార్లు జనాన్ని ఎక్కించుకుని ఎల్బ నది మీద తిరుగుతుంది. రంగులు వేసేదీ, నూనె పోసేదీ ఎక్కువగా పాత నావికులూ, రిటైరైన పనివాళ్లూ, అదీ జీతం లేకుండా.

లారీలాంటి ఓడ ఎంత ఉంటుందో చూపిద్దామని మా వాణ్ణి తీసుకెళ్లాను. ఇంజన్ గదిలో ఎనభై దాటిన ఒక పెద్దాయన మాకు అన్నీ చూపించారు. మా వాడు ఏదో అడిగితే ఆయన వంగి, చెవిలో మిషను సర్దుకుని, "గట్టిగా అడుగు బాబూ, నేను కుర్రతనంలో రివెట్ల సుత్తి దగ్గర పనిచేశాను. మా జట్టులో అందరివీ చెవులు పోయాయి" అన్నారు. అన్నాక హాయిగా నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇనప మెట్ల మీద అలాగే ఉండిపోయాను.

ఆ రాత్రి గాజువాకకి ఫోన్ చేశాను. మా నాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. నా ఓడల పిచ్చి గురించి ఆయన అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. "ఏట్రా, అంత చదువు చదివి కాయితాలు కోసుకుంటన్నావా?" ఆ రోజు నేను తాత చెవుల గురించి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. జలఉష పని అయ్యాక తాత వేరే చోట్లకి వెళ్లి, పాతికేళ్లు సుత్తి పట్టుకుని రివెట్లు కొట్టాడట. నలభై దాటేసరికే వినపడడం మానేసిందట. ఆ రోజుల్లో లోకంలో ఎక్కడైనా ఆ పనిలో ఉన్నవాళ్ల గతి అంతే. చెవుల్లో దూది పెట్టుకునేవారు.

"మేం వెనకాల నిలబడి ఆటపట్టించేవాళ్లం నాన్నా" అన్నాను.

"ఆయనకి తెలుసురా. నాను మిమ్మల్ని కోప్పడితే ఒద్దనేవాడు. పిల్లలు నవ్వుతన్నారు గదా, నవ్వనీ అనేవాడు."

ఆ తర్వాతే జలఉష కట్టాలని మొదలుపెట్టాను. దానికి నాకు కిట్టు ఎక్కడా దొరకలేదు. నా దగ్గరున్నది పాత ఫొటోలు మాత్రమే. ఆ కాలపు సరుకు స్టీమర్ల గీతలు తీసుకుని, ఫొటోలతో పోల్చి చూసుకుంటూ, కంప్యూటర్లో భాగాలు గీసి, ఇంటి ప్రింటరు మీదే అచ్చు వేసుకున్నాను. కాబట్టి ఉన్న మాట చెప్పాలంటే ఇది జలఉషకి అచ్చమైన నమూనా కాదు, జలఉషలాంటి ఓడకి నమూనా. సుమారు అర మీటరు పొడుగు. మధ్యలో పొగగొట్టం, ముందూ వెనకా సరుకు గదుల మూతలు, వాటి పక్కన బరువులెత్తే స్తంభాలు. తాళ్ల కోసం మా ఆవిడ కుట్టు దారం పోగులు విడదీశాను. దాని మీద మా ఇంట్లో జరిగిన చర్చ ఈ కార్యక్రమానికి అనవసరం.

పొట్ట అతికించే ముందు ఒక లెక్క వేశాను. రివెట్టు తల మూడున్నర సెంటీమీటర్లు అనుకోండి. 1:250లో అది 0.14 మిల్లీమీటరు. నేను వాడే కాగితం మందం కన్నా తక్కువ. అంటే, తాత కాల్చిందేదీ ఈ బొమ్మ మీద కనిపించదు. ఎంత పెద్ద నిపుణుడు కట్టినా కనిపించదు. పొగగొట్టం కనిపిస్తుంది, జెండా కనిపిస్తుంది. మొత్తం ఓడని పట్టుకుని నిలబెట్టినది మాత్రం కనిపించదు.

ఈ సంగతి మా వాడికి చెప్పాను. తాత చెవుల సంగతీ చెప్పాను, నా పంచె ఆట సంగతీ దాచలేదు. వాడు కాసేపు ఆలోచించి, "మరి ఆయన పేరు లోపల రాద్దామా?" అన్నాడు. డెక్కు మూసే ముందు, పొట్ట లోపలి వైపు, వాడికి వచ్చిన వంకర తెలుగు అక్షరాలతో వాళ్ల ముత్తాత పేరు రాశాడు. ఒక వత్తు తప్పింది. దిద్దలేదు. పైన డెక్కు అతికించేశాం. ఇప్పుడు అది మాకు తప్ప ఎవరికీ తెలియదు. సరే, ఇప్పుడు మీకూ తెలిసింది.

ఇక్కడి హాఫెన్‌సిటీలో పేటర్ టామ్ గారి సేకరణతో 2008లో తెరిచిన అంతర్జాతీయ నౌకా మ్యూజియం ఉంది. చూడనివాళ్లు పిల్లలతో తప్పక వెళ్లండి. ఆ సేకరణ ఎలా మొదలైందో తెలుసా? 1934లో, ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, వాళ్లమ్మ ఆయనకి వేలెడంత ఓడ బొమ్మ ఇచ్చింది. యుద్ధ నౌక కాదు, తీరం వెంబడి తిరిగే చిన్న సరుకు ఓడ. దాన్నుంచి తొమ్మిది అంతస్తుల మ్యూజియం అయింది.

మనందరి ఇళ్లలోనూ ఇలాంటి ఓడ ఒకటి ఉంటుంది. ఓడే కానక్కర్లేదు. రైల్వే వర్క్‌షాపు కావచ్చు, జూట్ మిల్లు కావచ్చు, రంగూను వెళ్లి పొట్ట పోసుకున్న ముత్తాత కావచ్చు. మన పిల్లలకి ఇక్కడి బిస్మార్క్ తెలుసు. మన వాళ్లు చేసిన పని ఏమిటో మాత్రం తెలీదు. అసలు మనకే తెలీదు, ఎందుకంటే అడగలేదు. నాకు అడగడానికి పాతికేళ్లు పట్టింది, అదీ ఎవరో జర్మను పెద్దాయన చెవి మిషను చూశాక. అప్పటికి తాత లేడు. నాన్న ఉన్నారు కాబట్టి ఆ నాలుగు మాటలైనా దక్కాయి.

కాబట్టి ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, భోజనం అయిందా, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగాక, ఇంకొక్క ప్రశ్న అడగండి. "తాత పనిలో రోజంతా ఏం చేసేవాడు?" అని. జవాబు పొడుగ్గా వస్తే విసుక్కోకండి. వినపడే చెవులు మనకున్నాయి కదా.