సూది పట్టిన చెయ్యి



బయోటెక్నాలజీ పట్టభద్రుల ముందు పిల్లల నవల గురించి మాట్లాడతానంటే మీ ఆచార్యులు కొంచెం అనుమానంగానే చూశారు. అయినా మాట్లాడతాను. అమెరికన్ రచయిత్రి నాన్సీ ఫార్మర్ 2002లో రాసిన ‘ది హౌస్ ఆఫ్ ది స్కార్పియన్’ అది. కిశోర సాహిత్యానికిచ్చే నేషనల్ బుక్ అవార్డు ఆ ఏడాదే దానికి వచ్చింది. అమెరికాకూ మెక్సికోకూ నడుమ నల్లమందు పండించే ఒక రాజ్యం. దాన్ని ఏలేవాడు 140 ఏళ్లు దాటిన ముసలాయన. ఆయన గుండె మొరాయిస్తే వాడుకోవడానికి ఆయన కణం నుంచే పుట్టించిన పిల్లాడు మాట్.

క్లోన్‌కు మనిషి మనసు మొలవడమే ఈ కథ అంటుంటారు. నాకా మాట మింగుడుపడదు. కిటికీ పగలగొట్టి గాజుపెంకుల మీదికి దూకిన మాట్‌ను తోటి పిల్లలు ముసలాయన పెద్దింట్లోకి మోసుకొస్తారు. అందరూ అయ్యో అంటారు. పాదం మీద ఎస్టేటు సొత్తు అన్న ముద్ర కనబడగానే తీసుకెళ్లి గడ్డిలో పడేస్తారు. ఆ నిమిషంలో పిల్లాడి ఒంట్లో ఒక్క కణం కూడా మారలేదు.

మనసు అతనికి పుట్టుకతోనే ఉంది. తీసెయ్యడానికే విద్య కావాలి. అక్కడ క్లోన్ పుట్టగానే సూదేసి మెదడు మొద్దుబారుస్తారు. ఆ సూది పట్టేవాడు తొలి పేజీల్లోనే కనిపిస్తాడు, ల్యాబ్‌లో పనిచేసే ఎడువార్డో. చెడ్డవాడేం కాదు. 36 కణాలను సాకుతూ, ఒక్కొక్కటే చచ్చిపోతుంటే బెంగపడతాడు. చివరికి ఒక్కటి దక్కి, ఆవు కడుపున పెరుగుతుంది. (277 ప్రయత్నాల్లో డాలీ అనే క్లోన్ గొర్రె ఒక్కటే దక్కిందని మీరు చదివే ఉంటారు.) ఇన్నాళ్లు కంటికి రెప్పలా కాచిన ఆ బిడ్డ పుట్టగానే, అలవాటు కొద్దీ, సూది అందుకుంటాడు. ఈ పిల్లాడికి వద్దని పైనుంచి ముందే ఉత్తర్వు ఉంది కాబట్టి పక్కనున్నామె చెయ్యి పట్టుకుని ఆపుతుంది. లేకపోతే గుచ్చేసేవాడే!

మరి గుండె కోసం చంపబోయిన రోజున మాట్‌ను కాపాడిందెవరు? వంటావిడ సేలియా. కొద్దికొద్దిగా ఆర్సెనిక్ పెట్టి, పిల్లాడికి ప్రాణం మీదికి రాకుండా, ఆ గుండె ముసలాయనకు మాత్రం పనికిరాకుండా చేసింది. టాక్సికాలజీ బట్టీపట్టి గట్టెక్కినవాళ్లు ఆవిడ మోతాదును గమనించాలి.

రేపు మీరు చేరే చోట సూది ఎవరో నింపే పెట్టి ఉంచుతారు. అందులో ఏముందో, ఎవరికోసమో అడగండి. అడిగినందుకు ఉద్యోగం పోయినా పోవచ్చు, ఆ సంగతి మీ దగ్గర దాచను.

ఈ నవల మీ లైబ్రరీలో లేదు, పొద్దున వెళ్లి చూశాను. నా ప్రతి లైబ్రేరియన్ గారి చేతికిచ్చి వెళ్తున్నాను.