కొడుకు పోటీ, ముహమ్మర్ అన్నం

మనామా నుంచి మాట్లాడుతున్న. మాది జగిత్యాల దిక్కు.

నా కొడుకు హైదరాబాదుల హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతుండు. కాలేజీల వంట పోటీ పెట్టిన్రట. "బాపూ, నువ్వు బహ్రెయిన్ల కుక్కువు గదా, అక్కడి వంట ఒకటి నేర్పు" అని ఫోన్ చేసిండు. నాకు నోట మాట రాలే. ఆరేండ్ల సంది నేను హోటల్ల గిన్నెలు కడుగుతున్న. ఇంట్ల మాత్రం కుక్కునని చెప్పిన.

మా హోటల్ కుక్కును బతిమాలుకున్న. ఆయన ముహమ్మర్ చూపిచ్చిండు. ఖర్జూరపు పాకంతోని చేసే తియ్యటి అన్నం, పక్కకు వేయించిన చేప. ఒకప్పుడు ముత్యాల కోసం సముద్రంల మునిగేటోళ్లు తిన్న తిండి. తీపికి చేపేంది అనుకున్న గని, తిన్నంక నచ్చింది.

కిటుకు ఒక్కటే. బాస్మతి బియ్యం నానవెట్టి, మెతుకు దాదాపు ఉడికినంక గంజి వంచాలె. అప్పుడు పాకం, నెయ్యి, యాలకులు కలిపి సన్న మంట మీద దమ్ముకు పెట్టాలె. పచ్చిగున్నప్పుడే పాకం పోస్తే ఇంక ఉడకదు. మన బెల్లం పరమాన్నం లెక్కనే.

రెండుసార్లు వీడియో కాల్‌ల వండిచ్చిన. మొదటిసారి అడుగంటింది, రెండోసారి కుదిరింది. అప్పుడు వాడు "నీ కిచెన్ చూపియ్ బాపూ" అన్నడు. ఫోన్ తిప్పిన. సింకు, గిన్నెల కుప్ప.

"నేను కుక్కును గాదు బిడ్డా" అన్న.

కొంచెంసేపు సప్పుడు జెయ్యలే. తర్వాత "మాతోని గూడ ముందు గిన్నెలే కడిగిచ్చిన్రు" అన్నడు. మళ్ల చేప ముచ్చట తీసిండు. అక్కడి సాఫీ చేప ఈడ దొరకదు గదా, ఏం వెయ్యాలె అని.

కొర్రమీను వెయ్యమన్న. పోటీ వచ్చే గురువారం.