కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కాదు
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నాకు కీళ్ళవాతం వచ్చి తొమ్మిదేళ్ళయింది. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి మన కీళ్ళ మీద పడే జబ్బు ఇది. అంటుకునేది కాదు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే రెండు మూడింతలు ఎక్కువగా వస్తుంది.

మన పక్క కీళ్ళ నొప్పులంటే ఎవరూ పట్టించుకోరు. "బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉండాది, పొగాకు గ్రేడింగు చేస్తుండాం, నొప్పులు రాకుండా ఎట్టుంటాయి?" అనుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడిపోతున్నాయని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి డాక్టర్లు రాశారు. కానీ ఫ్లోరైడు ఎక్కువగా నడుమును, మెడను పట్టేస్తుంది. పని నొప్పి పడుకుంటే తగ్గుతుంది. కీళ్ళవాతం అట్టా కాదు. పొద్దున లేస్తానే వేళ్ళు బిగుసుకుపోయి, గంటసేపు పిడికిలి పట్టదు. రెండు చేతులకూ ఒకే మాదిరి వాపు వస్తుంది. కొన్ని వారాలు ఇట్టా ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోయి రక్త పరీక్ష చేయించుకోండి. కీలు ఒకసారి అరిగి వంకర పోతే మందులతో తిరిగి రాదు.

"నరం లాగుతోంది" అంటాం కదా, అది చాలాసార్లు నరం కాదు. కండను ఎముకకు కట్టిపెట్టే తాడు లాంటిది. ఈ జబ్బులో ఆ తాడు చుట్టూ ఉండే పొర కూడా వాస్తుంది. అందుకే వంచిన వేలు తిన్నగా రాదు, మడమ వెనక గుంజుతుంది. వదిలేస్తే తాడు తెగిపోవచ్చు కూడా.

నేను వాడే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే గోడమీది క్యాలెండరులో ఆ రోజుకు సున్నా చుట్టిపెట్టుకుంటాను. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష తప్పదు. బిడ్డలు కావాలనుకునే చెల్లెళ్ళు ముందే డాక్టరుతో చెప్పాలి, కడుపుతో ఉండగా ఈ మందు వాడకూడదు. ఊళ్ళో వేసే నొప్పి సూదుల్లో, పేరులేని పొడుల్లో స్టెరాయిడు ఉండొచ్చు. రెండు రోజులు హాయిగానే ఉంటుంది, తర్వాత షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. డాక్టరు రాసిన స్టెరాయిడును మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. జ్వరానికో, మూత్రంలో మంటకో పోయినా స్టెరాయిడు వాడుతున్నామని చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు దానితో కలిస్తే ఆ తాళ్ళు తెగే ప్రమాదం పెరుగుతుంది.

ఇంట్లో నేను కత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. సంచిని వేళ్ళతో కాకుండా మోచేతికి తగిలించుకుంటాను. వాపున్న రోజు కూర్చుంటాను, తగ్గిన రోజు వేళ్ళు ఆడిస్తాను.

సంఘాలను మూడు కోరుతున్నాను. సమావేశాలు పొద్దున్నే కాకుండా పదకొండు దాటినాక పెట్టండి. ఆస్పత్రి పరీక్షకు అప్పు అడిగితే ముందు వరసలో ఇవ్వండి, సూదుల మీద పోయే డబ్బు కంటే అది తక్కువే. "నిన్న బాగానే ఉన్నావే, ఈరోజు ఏందమ్మా?" అని మాత్రం అనొద్దు. ఈ జబ్బు తీరే అంత, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ.

మన మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు సారా మీద గొంతెత్తితే రాష్ట్రమంతా విన్నది. మన ఒంటి నొప్పి గురించి మన సంఘంలో చెప్పుకోవడానికి సిగ్గెందుకు?